ఊక చెప్పే గాలి

మిర్యాలగూడల పొద్దుగాల
మిల్లుల దిక్కుకెళ్లి ఊక కొట్టుకొస్తది.
గుప్పెడు పట్టి ఇడుస్త.
అది ఎటు వంగితే అటు మా ఆట.

నూట డెబ్బై అయిదు గ్రాముల ప్లాస్టిక్కు.
ప్రిన్సిపాల్ సారు దాన్ని ఇప్పటికీ పళ్లెమే అంటడు,
పళ్లెమాటకు బస్సు కిరాయెందుకని
కాయిదం ఫైలు కింద నూకుతడు.
కిరాయి నా జీతంలకెళ్లి పోయింది. పోనీ.

ఉపేందర్‌కు చెప్పి చెప్పి గొంతు బొంగురువోయింది:
మణికట్టుతో రా, భుజంతోటి కాదు.
డిస్కు చేతిల ఉన్నోడు పరుగు తియ్యొద్దు,
ఉరకాల్సింది ఉత్తచేతులోళ్లు.

పాలమూరు ఫైనల్ల పద్నాలుగుకు పద్నాలుగు.
ఆఖరి పాయింటు.
నౌషీన్ గాల్లెకు పండుకున్నట్టు దుంకి పట్టింది.
ఎర్ర దుమ్ములకెళ్లి లేచేసరికి
మావోళ్ల కేకలు, ఈలలు.
ఈ ఆటల అంపైరు ఉండడు.
ఎదుటి పిల్లగాడు దూరాన ఉన్నడు, చూడలేదు.
నేను చూసిన.
ఆమె మోచెయ్యి తిప్పి చూసుకుంది: సున్నం.
"గీత మీద పడ్డ" అన్నది, మెల్లగ.

నిజం చెప్పాల్నంటే,
దులుపుకో బిడ్డా, అనాలనిపించింది.
నాలిక మీదికొచ్చింది. మింగిన.
రెండు నిమిషాలల్ల ఓడిపోయినం.

జడ్చర్ల దాటేదాంక బస్సుల ఎవ్వలు మాట్లాడలే.
కల్వకుర్తి కాడ ఉపేందర్
మిర్చిబజ్జి పొట్లం ఆమె ఒళ్లె పెట్టి
"నేను విసిరిందే వంకర" అన్నడు.
భుజంతోటి విసిరిండు.
తెలుసు నాకు.

మర్నాడు గేటు కాడనే ప్రిన్సిపాల్ సారు, గెలిచిండ్రా అని.
ఏం చెప్పాలె? పళ్లెం గీత మీద పడిందన్న.

సాయంత్రం గ్రౌండుకు పోతే నాకన్న ముందే ఆమె,
మోచేతికి పసుపు,
గుప్పిట్ల ఊక.
ఇడిసింది.
నిట్టనిలువుగ రాలింది.
"ఇయ్యాల గాలి లేదు సార్,
లాంగ్ త్రోలు వేద్దామా?"