చేతి వేడి

బాలానగర్‌లో, రేకుల షెడ్డు కింద
వీరాచారి మామ నాకు మొదట నేర్పింది
కొలవడం కాదు,
ఆగడం.

"లేత్ మీంచి దించంగనే కొలవకు బిడ్డా.
ఇంకా వేడి మీదున్నది.
వేడి మీదున్నది నిజం జెప్పదు."

ముక్కను నల్ల గ్రానైట్ బండ మీద పెట్టి
గోడ గడియారం వైపు గదమ ఎత్తేవాడు.
కొత్తగా డిప్లొమాలో చేరిన నాకు
ఆ అరగంట ఉత్త బద్ధకంలా కనపడేది.
అరచేతిలో కాసేపు ముడుచుకున్నా చాలు,
బుష్షు నాలుగైదు మైక్రాన్లు ఉబ్బుతుందని
ఆయన మైక్రోమీటరే చూపించింది.
ప్రేమగా పట్టుకున్నావా, విసుగ్గా పట్టుకున్నావా
దానికి అనవసరం.

రెండో ఏడు ఫీజు ఆయనే కట్టాడు.
ఖాతా పుస్తకంలో ఏమని రాశావు మామా అంటే
"కటింగ్ ఆయిల్" అన్నాడు.

ఇప్పుడు నేను సనత్‌నగర్ పంపుల ఫ్యాక్టరీలో
తనిఖీ టేబుల్ దగ్గర కూర్చుంటాను.
నా సంతకం పడితే సరుకు లోపలికి,
పడకపోతే అదే ట్రాలీ ఆటోలో వెనక్కి.

మంగళవారం మధ్యాహ్నం
నాలుగు వందల గన్‌మెటల్ బుష్షులు.
చలానా మీద, కుడివైపు ఒరిగిపోయే ఆ రాత.
పేరు చదవక ముందే చదివేశాను.

సుధాంశు సార్ నవ్వారు.
"కొలిచేది గేజ్ కదమ్మా, నువ్వు కాదుగా.
ఎవరైనా అడిగారా?
మీ ఇంటిపేర్లు కూడా కలవవు."

కలవవు. నిజమే.
మా అమ్మ ఆ షెడ్డులో ముక్కల అంచులు ఆకురాయితో గీసేది.
మామ అన్నది చుట్టరికం కాదు,
నాలుగేళ్ల పిల్ల నోటికి అందిన పిలుపు.

ఫారంలో "సంబంధం" అన్న గడి
నా బొటనవేలి గోరంత ఉంది.
రక్తసంబంధమా, వివాహ సంబంధమా, ఆర్థిక సంబంధమా,
టిక్కు పెట్టమంది.
ఏదీ పెట్టలేదు. గడి దాటి, అంచు పొడవునా రాశాను:
ఈయన నాకు కొలవడం నేర్పారు.
ఈయన సరుకు నేను కొలవకూడదు.

ఫర్జానా గేజ్‌లు తీసుకుని, ఒక్క మాటా అడక్కుండా
నా కుర్చీలో కూర్చుంది.
నేను క్యాంటీన్ వెనక గోడకానుకుని
దూరంగా భరత్‌నగర్ వైపు పోయే మెట్రోలు లెక్కపెట్టాను.
పదకొండో, పన్నెండో.
అక్కడా లెక్క తప్పాను.

పందొమ్మిది కొట్టేసింది ఫర్జానా.
మిగతావి లోపలికి.

రాత్రి ఫోను. వెనక లేత్ తిరుగుతోంది,
తర్వాత ఆగింది.
"పందొమ్మిది పోయినయంట."
"ఊఁ."
"నువ్వు కొలవలేదంట."
"లేదు."
"నువ్వైతే ఎన్ని తీస్తుంటివి?"

ఈ ప్రశ్నకి ఫారంలో గడి లేదు.
"తెలీదు మామా. మూడే తీసేదాన్నేమో.
లేదంటే, ఎవరూ నన్ను వేలెత్తి చూపకూడదని
నలభై."

అటువైపు చాలాసేపు
బీడీ పొగ వదిలిన చప్పుడే.
"నలభై అయితే మునిగిపోదు బిడ్డా నేను,"
అన్నాడు. నవ్వాడో, దగ్గాడో.
ఫోను పెట్టేశాడు.
ఇన్నేళ్లలో మొదటిసారి
తిన్నవా అని అడగకుండా.

ఆ మాట రాలేదని నాకు కోపం వచ్చింది.
వెంటనే తిరిగి చేద్దామని ఫోను తీశాను.
అరచేతిలో అది వెచ్చగా ఉంది.

బల్ల మీద పెట్టేశాను.
గోడ మీద గడియారం
పది దాటి రెండు నిమిషాలు.