ఒత్తు

పొదిలి బడిలో, రెండో తరగతికి
ఒత్తులు మొదలుపెట్టిన రోజు
'కప' అని చదివాడు ఏసోబు.
కింద ఇంకోటుంది చూడరా అంటే
"అది చిన్నది గదా టీచర్, కనపళ్ళా" అన్నాడు.
పిల్లలంతా నవ్వారు.
నాకు నవ్వు రాలేదు.

మా నాయన దస్తగిరి
మేళంలో ఊదింది ఒత్తు.

సన్నాయి పెదనాయన నాగూరుది.
బోర్డు మీద పేరు, కీర్తనలు, శాలువాలు ఆయనవి.
ఎనకమాల, డోలుకీ గోడకీ నడుమ
కన్నాలు మైనంతో మూసిన గొట్టం పట్టుకుని
నాయన.
బుగ్గల్లో గాలి నిలవబెట్టుకుని
ముక్కుతో కొత్తది తెచ్చుకుంటా
తెల్లార్లూ ఒకటే 'స'.
ఇంటికొస్తే దవడలు కదిలేవి కాదు,
అమ్మ ఉప్పు మూటతో ఒత్తేది.

అదీ ఒత్తే.
సుద్దముక్క చేతిలో ఉండగానే
ఆ మాట తిరిగిన ఇళ్ళన్నీ గుర్తొచ్చాయి:
కజ్జికాయ అంచు ఒత్తడం,
కొత్త చెప్పు మడమకి ఒత్తుకోవడం,
ఎవరూ చూడకుండా కళ్ళు ఒత్తుకోవడం,
ఒత్తుగా మొలిచిన అలసంద మొక్కల్ని నాయనమ్మ పీకెయ్యడం,
తగువులో ఒకడి మాటకి ఇంకోడి ఒత్తాసు.
ఒప్పు, ఒద్దిక, ఒత్తు
ఒక కడుపున పుట్టినవేనేమోనని నా అనుమానం.
పెంచలయ్య మాస్టారుతో అంటే
"రుజువేదమ్మా?
కలుపుకోవాలనుంటే ప్రతి మాటా చుట్టమే" అన్నాడు.

రుజువు లేదు. ఒక పెళ్ళి ఉంది.
చీమకుర్తిలో, రాయి క్వారీ వాళ్ళది.
తాళి ఇంకా కట్టలేదు,
నాయనకి దగ్గుతెర వచ్చింది.
సన్నాయి ఆగలేదు, డోలూ ఆగలేదు,
నాలుగు దెబ్బల సేపు ఒత్తు ఒక్కటే లేదు.
గాడిపొయ్యి కాడ వంటమనిషి
గరిటె అట్టానే ఎత్తి పట్టుకుని
కరెంటు పోయిందేమోనని లైట్ల వంక చూశాడు.
పెదనాయన ఎనక్కి తిరిగి చూసిన చూపు
నాయన పోయిందాకా మోశాడు.
నేను మాత్రం
ఆ వంటమనిషి తలెత్తడాన్ని దాచుకున్నాను.

మరుసటేడు మద్రాసు నించి పెట్టె వచ్చింది.
మీట ఒత్తితే చాలు.
దగ్గదు, బస్సు చార్జీ అడగదు, రెండో బంతికి కూర్చోదు.
నాయన దాన్ని చెవికి ఆనించుకుని
చానాసేపు విన్నాడు.
"బాగుంది. ఊపిరే పీల్చుకోదే" అన్నాడు.
మెచ్చుకున్నాడో ఏమో
ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఏసోబు నిలబడే ఉన్నాడు.
బోర్డు మీద 'శ్రుతి' అని రాశాను,
శ కింద చెయ్యేసి పట్టుకున్న ర.
రెండో తరగతికి ఎక్కువే. తుడిచేశాను.
మళ్ళీ కప్ప.
"పెదాలు మూసి, తెరవబాకు.
అక్కడే కాస్త ఆగు.
ఆ ఆగడమే, కింద ఉండే చిన్నది."

"కప్" అని
పెదాలు బిగబట్టాడు.
బుగ్గలు రెండూ ఉబ్బాయి
అచ్చం