సూదికి నోరుండదు

లాల్‌బజార్ల నా దుకాణం
ఆరడుగుల వెడల్పు. ఒక్క అద్దం, రెండు మిషన్లు.
ఒకటి నాది. ఇంకొకటి మా సత్తెమ్మది,
ఆమె పోయినంక దాని మీద ఇస్త్రీ బట్టలు పెడుతున్న.

పొద్దుగాల రుత్విక్ వచ్చిండు.
కొత్త క్యాడెట్. మెడ మీద కటింగ్ గీత ఇంకా తెల్లగనే ఉంది.
పేరు పట్టీ కుట్టమన్నడు, ప్యాంటు జర టైట్ చెయ్యమన్నడు.
కార్డు చూపియ్ అన్న.
"నన్నెరుగవా తాతా?
నా స్కూలు నిక్కర్లు నువ్వే గదా కుట్టింది!"
ఎరుగుదు బిడ్డా. నీ నడుము కొలత గూడ యాదికున్నది.
కార్డు చూపియ్.

మూతి ముడుచుకొని చూపిచ్చిండు.
అటెన్క అద్దం ముంగట నిలవడి
ఫోన్ పైకెత్తిండు.
అద్దంల వాడున్నడు, వాని టోపీ ఉంది,
వాని ఎన్క గోడకు నా లెక్కల బుక్కు ఏలాడుతుంది:
ఎవలయి ఎన్ని జతలు, ఏ తారీఖుకు కావాలె,
అన్నీ నా వంకర అక్షరాలల్ల.
ఇంకా ఎన్క, రోడ్డు అవతల, గేటు.
గేటు కాడ డ్యూటీ మారే యాళ్ల.

ఒక్క ఫోటో.
కొలతలు తియ్యను టేపెందుకు ఇగ?

చెయ్యి అడ్డం పెట్టిన.
"ఇరవై మందే చూస్తరు తాతా, అందరు దోస్తులే.
పుణె ఆమె ఒకామె ఉంది, ఆమెది గూడ ఫౌజీ కుటుంబమే,
క్యాంపు ఎప్పుడు, ఎంతమంది పోతున్నరని
రోజు అడుగుతది పాపం."
చూసినవా ఆమెను?
"ఫోటో చూసిన."
పెండ్లిండ్ల దినాలల్ల నేను బయటి బొమ్మకు
షేర్వాణి తొడుగుత బిడ్డా.
దూరంకెళ్లి చూస్తె నిజం పెండ్లికొడుకే.

వాడు నవ్విండు. నవ్వి, ఆగిండు.

అప్పుడు చెప్పిన, సత్తెమ్మకు తప్ప ఎవ్వలకు చెప్పని ముచ్చట.
నాకప్పుడు నీకన్న నాలుగేండ్లు ఎక్కువ.
ఒక్క వారంల నలభై రెండు ఉన్ని కోట్లు వచ్చినయ్,
చేతులు పొడుగు చెయ్యాలె, లోపల అస్తరెయ్యాలె.
హోటల్ల చాయ్ తాగుతుంటే
పక్క కుర్సీల ఆయన, మంచి మనిషి,
ఉస్మానియా బిస్కెట్టు సగం ఇరిచి ఇచ్చిండు,
"పని మంచిగున్నదా మాస్టరూ?" అన్నడు.
మంచిగుంది సారూ, నలభై రెండు, శనివారం లోపల,
మస్తు చలి జాగకు పోతున్నరు గావచ్చు
అన్న.
గంతే.
బిస్కెట్టు ఇంకా నోట్లనే ఉంది.

ఆయనెవరో ఇప్పటికీ తెల్వది.
ఒట్టి బట్టల యాపారే కావచ్చు.
ఏం కాలేదు గూడ కావచ్చు.
కానీ ఆ కోట్లు మళ్ల ఒక్కొక్కటి, బొత్తానికో చిరుగుకో
నా కాడికి వచ్చేదాక లెక్కవెట్టుకున్న.
ముప్పై తొమ్మిది వచ్చినయ్.
మూడు రాలే.
బదిలీ అయ్యిండొచ్చు. వేరే దర్జీ కాడికి పోయిండొచ్చు.
సత్తెమ్మ అదే అన్నది, పోయేదాక.

సూదికి బెజ్జం ఉంటది, నోరుండదు.
నాకేమో దేవుడు నోరిచ్చిండు,
దానికి బొత్తాం కుట్టుడు మర్చిండు.

రుత్విక్ ఫోన్ జేబుల పెట్టిండు.
ఏమనలే. ప్యాంటు ఇడిసిపెట్టి పోయిండు.

బేస్తారం వచ్చిండు తీస్కపోను.
మడత పెట్టుకుంట అడిగిన:
ఎన్నడు బిడ్డా క్యాంపు?
పరీక్ష గాదు. నిజంగనే అడిగిన,
మురుకులు కట్టిద్దామని.
వాడు నా మొకం చూసిండు,
గోడ మీద లెక్కల బుక్కుండే జాగ చూసిండు
(ఇప్పుడక్కడ క్యాలెండరుంది),
"బొత్తాలు గట్టిగనే కుట్టినవా తాతా?" అన్నడు.

గట్టిగనే కుట్టిన.

రోడ్డు దాటి గేటు కాడ
అడగకముందే కార్డు తీసిండు.
నాకు మంచిగనిపిచ్చింది.
జర నొచ్చింది గూడ.