రెండు చుక్కల జాగ

చండూరు అంగడి బజార్ల
జిరాక్సు మిషను పక్కన నా పాత కంప్యూటరు.
లైసెన్సు కొనే తాహతు లేక
ఎవరెవరో ఊరికె రాసి ఊరికె ఇచ్చిన డెస్క్‌టాప్
ఎక్కించుకున్న.

మర్రిగూడ దిక్కు నుంచి బుచ్చమ్మ వచ్చింది,
పింఛను దరఖాస్తుకు.
కూసునెటప్పుడు ఒక్కొక్క మోకాలు
చేతులతోటి పట్టుకొని మడుసుకుంది.
మా తాన బోరు నీళ్ళు తాగినోళ్ళకు
ఇది కొత్త ముచ్చట కాదు.

ఫైలుకు పేరు పెట్టిన: బుచ్చమ్మ.
తెర మీద: బుచమ.

పక్క ఫైలు మల్లయ్య, మలయ అయిండు.
చిట్టెమ్మ చిటెమ.
ఎక్కడ్నో ఎవరో వరుస ఎత్తు కొలిచి పెట్టిండ్రు,
వాళ్ళ అక్షరాలకు సరిపోను.
తప్పు పట్టెటట్టు లేదు.
వాళ్ళు ఒత్తులు చూసి ఉండరు.

దుకాణం కట్టేసి షట్టరు సగం దించి
పదకొండు రాత్రులు ఆ కోడు లోపల తిరిగిన.
బజార్ల పోయేటోళ్ళకు నా కాళ్ళే కనబడేటియి.
నాకు అక్షరాల కాళ్ళు తప్ప అన్ని కనబడేటియి.
ఆఖరుకు దొరికింది, ఒక్క అంకె.
ఇరవై రెండును ఇరవై నాలుగు చేసి పంపిన.

మొదటిసారి తిప్పి పంపిండ్రు:
నాలుగు ఖాళీలు కాదు, ట్యాబు కొట్టాలె.
కొట్టిన.
రెండోసారి ఓర్జాన్ అనెటాయన, ఏ దేశమో,
నిమ్మళంగనె అడిగిండు:
లోకంల అందరి తెరల మీద
వరుసకు రెండు చుక్కల జాగ పోతది, దేనికి?

వచ్చీరాని ఇంగ్లీషుల పది లైన్లు రాసి
అన్ని చెరిపేసిన.
బుచ్చమ్మ పేరు బొమ్మలు రెండు పెట్టిన,
తెగినది ఒకటి, తెగనిది ఒకటి.
కింద ఒక్క మాట: ఇవి కాళ్ళు.

మూడు వారాలు సప్పుడు లేదు.
ఒకనాడు కరెంటు పోయి వచ్చినంక చూస్తె
కలుపుకున్నం, అని ఉన్నది.
అంతె.

కొత్త వెర్షన్ల చేతులేసినోళ్ళ పట్టీ ఉంటది.
అండ్ల నేను, సైదులు.
ఎట్ల రాసినా ఒత్తు లేని పేరు.

బుచ్చమ్మ మళ్ళ వచ్చింది.
తెర ఆమె దిక్కు తిప్పి
"నీ పేరు ఇప్పుడు నిండుగున్నది సూడు" అన్న.
సదువు రాదు ఆమెకు. అయినా వంగి చూసింది,
ఎవరింటి పిలగాన్నో చూసినట్టు.
"మంచిగున్నది బిడ్డా.
పైసలు ఎప్పుడు పడుతయట?"

పింఛను సైటు తెరిచిన.
గుండ్రంగ తిరుగుతనే ఉన్నది.