మెడ వెనక తీగలు

షొప్రొన్‌లో గురువారం ఆరు దాటితే
ఎతెల్కా కుట్టుమిషను గోడవైపుకి జరుగుతుంది.
మూడు కుర్చీలు. మూడు స్టాండులు.
సరస్సు ఒడ్డు రెల్లుని దువ్వి వచ్చిన గాలి
కిటికీ సందులో ఈల వేస్తుంటే
నోట్లో పిన్నులతోనే ఎతెల్కా చెల్లో శ్రుతి చేస్తుంది.

తివదర్ రైల్వేలో సిగ్నల్‌మన్‌గా చేశాడు.
తడిసిన గొడుగు విప్పినట్టు
సంచిలోంచి బరీటన్‌ని తీస్తాడు.
చెల్లోకి మేనమామలా ఉంటుందది.
ముందువైపు ఆరు తీగలు, కమాను కోసం.
మెడ వెనక బోలులో ఇంకో పది,
వినేవాళ్లకి కనపడనివి.
ఎడమ బొటనవేలు చాటుగా వెళ్లి మీటితే సరే,
మీటకపోయినా
ముందు తీగల మాట విని వాటంతటవే వణుకుతాయి.

ఈ పాటలు రాసినాయన పేరు మీకూ తెలుసు.
ఆయన సింఫనీ అంటే టిక్కెట్లు దొరకవు.
ఇవి మాత్రం
కొలువుబట్టల్లో, జీతం రాళ్లకి,
దొరగారి ముచ్చట కోసం రాసిపెట్టినవి.
నూరు దాటే ఉన్నాయి.
పక్కన ‘చిన్నవి’ అని గీసి పండితులు పేజీ తిప్పేస్తారు.

నాది వయొలా. ఆయన చేసిన పని నా వేళ్లకి తెలుసు.
దొర వేలు ఎందాకా అందుతుందో
దర్జీలా కొలుచుకున్నాడు.
అందని చోట మమ్మల్ని నిలబెట్టాడు.
నిట్రమైన మెట్లన్నీ వయొలా ఎక్కాలి,
చెల్లో కింద చెయ్యి పట్టాలి,
పైమెట్టు మీద వెలిగేది మాత్రం దొరగారు.
ముఖస్తుతి కాదా? అవును.
కానీ ముఖస్తుతికి ఇంత ఓపిక ఉండగా
నేనింకెక్కడా చూడలేదు.

మొన్న మార్చిలో తివదర్ ఎడమ చెయ్యి పడిపోయింది.
ఆస్పత్రి నుంచి వచ్చాక
బొటనవేలొక్కటే కాస్త మాట వింటోంది.
రాగం నేను తీసుకున్నాను.
అతనికి ఖాళీ తీగలు, వెనక ఆ పదీ.
సిగ్గుపడతాడేమో అనుకున్నాం.
రాత్రి రైలుకి దీపం చూపించిన మనిషి,
లెక్క పెట్టుకుంటూ కూచున్నాడు, తన వంతు కోసం.

పైఅంతస్తులో పళ్లు కట్టే వెందెల్ రేడియో
ఢంకాలతో, బాకాలతో కప్పు అదరగొడుతోంది.
ఎతెల్కా చీపురుకర్రతో పొడిచింది.
చెప్పులు ఈడ్చుకుంటూ దిగొచ్చాడు.
గుమ్మంలో కాసేపు విని,
‘ఎవరిదండీ ఇది?’
‘నీ రేడియోలో ఉన్నాయనదే.’
నమ్మలేదు. బట్టల మూట మీద కూచున్నాడు.

నెమ్మది భాగం మళ్లీ మొదలుపెట్టాం.
తివదర్ ఒకచోట తప్పాడు, ఎవరం ఆగలేదు.
రెండోసారి బొటనవేలు తీగని దొరకబుచ్చుకుంది,
ఆ ఒక్క స్వరానికి
కుట్టుమిషను మీద గుండుసూదుల డబ్బా
సన్నగా మోగింది.

వెందెల్ లేచి దాన్ని పక్కకి తియ్యబోయాడు.
‘ఉండనీ’ అంది ఎతెల్కా, కమాను ఆపకుండా.