తప్పొప్పుల పట్టిక

నేను చదివిందంతా తిరగేసే.
సీసపు అక్షరాన్ని వేలితో తడిమితే
కుడి ఎడమై, అప్పుడు మాట తెలిసేది.
నెల్లూరు సంతపేటలో
రంగశాయి పంతులుగారి అచ్చుకూటంలో
మస్తానంటే నేనే.

పత్రిక పేరు పినాకినీ దర్పణము.
చందాదారులు నూట పదకొండు మంది,
చందా కట్టినోళ్ళు ముప్ఫై.
రాసేవాళ్ళకు మాత్రం కరువు లేదు.
వెంకటగిరి అవధాని నెలనెలా పొగడ్త పద్యాలు పంపేవాడు,
పొగిడే దొర పేరు దగ్గిర ఖాళీ వదిలి.
కావలి బడిపంతులు తోకచుక్కల మీద నాలుగో భాగం పంపి
మూడోది ఎలకలు తిన్నాయని విన్నవించుకున్నాడు.
అందరికీ చివరి పుటలో ఒకటే జవాబు:
"స్థలాభావముచే నిలిపితిమి."
ఆ వరస ఒకసారి కూర్చి, దారంతో కట్టి
అరలో దాచుకున్నాను,
ప్రతి నెలా పనికొచ్చేది గదా.

కనుపర్తి ఉప్పు కొఠారు గుమాస్తా పోలయ్య జాబులు వేరు.
విప్పితే మడతల్లో ఉప్పు గరగరలాడేది.
వానాకాలమైతే సిరా ఊరి
ఒక వాక్యం పక్క వాక్యాన్ని తడిపేది.

ఆయేడు ధాత కరువు.
గంజికి కాలవ తవ్వే చోట తాను చూసింది
చూసినట్టు రాసినాడు.
ఎవురు ఎన్ని తట్టలు మోసిందీ, ఎన్ని ముంతలు పోసిందీ.
లింగమ్మనే ఆమె తట్ట దించి
"రోంత కూచుంటానయ్యా" అని
కూచున్నది కూచున్నట్టే పోయిందంట.

పంతులుగారు ఎర్రసిరా ముంచినారు.
రోంత కొట్టేసి కించిత్తు.
కూచుంటాను కొట్టేసి ఆసీననయ్యెదను.
"భావము సాధువు, భాష గ్రామ్యము.
సంస్కరించి పంపినచో ప్రకటింతుము."

పన్నెండో నాడు తపాలా బంట్రోతు గంట మోగింది.
"అయ్యా, తమరు దిద్దిన మాటలు బాగుండాయి.
అవి ఆమె అన్న మాటలు కావు.
అడిగి మార్పిద్దామంటే మనిషి లేదు."
అంతే. కింద సంతకం.

పంతులుగారు ఆ కాగితం ముక్కు దగ్గిర పెట్టుకున్నారు, ఎందుకో.
రెండు దినాలు కలం ముట్టలేదు.
మూడోనాడు నా గళ్ళపెట్టె మీద పెట్టి
"ఉన్నదున్నట్టు కూర్చరా" అన్నారు.

కూర్చినాను. నాలుగో పుట సగంలో
లి అయిపోయింది.
ఆకలి, కూలి, ఆకలి, తల్లి, ఆకలి.
గడిలో వేలు పెడితే చెక్క తగిలింది.
మద్రాసు నుంచి కొత్తవి రావాలంటే నెల,
అప్పు మీదైతే ఆ దేవుడికే ఎరుక.
"ఇంకో మాట వెయ్యనా సామీ, క్షుత్తని?"
ఆయన పలకలేదు.
లేచొచ్చి, బల్లమీద బిగించున్న
తన వసంతవర్ణన చట్రం విప్పినారు,
ఆర్నెల్లు చెక్కుకున్న పద్యాలు.
లలితలో ఒకటి, అలికులంలో ఒకటి, మల్లియలో ఒకటి,
రాళ్ళలోంచి బియ్యం ఏరినట్టు ఏరి
నా అరచేతిలో పోసినారు.
వసంతం బోసినోటితో మిగిలింది.

అయినా ఒక్క లి తక్కువైంది.
అర్ధరాత్రి. ఆముదం అడుగంటింది.
పంతులుగారు గోడకానుకుని నిద్రపోతుండారు.
లేపబుద్ధి కాలేదు.
లింగమ్మను గంగమ్మ చేసినాను.
ఎవురు చూడొచ్చారులే అనుకున్నాను.

కనుపర్తి నుంచి బేరింగు జాబు.
అణా కట్టి విడిపించుకున్నాం.
"ఆమె గంగమ్మ కాదు. లింగమ్మ.
వచ్చే సంచికలో దిద్దగలరు."

వచ్చే సంచిక రాలేదు.
కాగితం షావుకారు మనుషులొచ్చి
అక్షరాల్ని తక్కెట్లో పోసినారు.
కకారమూ కామాలూ అంతా ఒకే ధర.
మద్రాసు నుంచి వచ్చిన కొత్త లి పొట్లం
అప్పుడే విప్పినాను. ఒకటి జేబులో వేసుకున్నాను.
దొంగతనమే.

మీలో ఎవురన్నా ఆ సంచిక దాచుకొనుంటే
ఐదో పుట, కింది నుంచి మూడో వరస,
చూసుకోండి.

తప్పు: గంగమ్మ
ఒప్పు: లింగమ్మ