చేంతాడు

ఒంటె వెంట్రుకలతో పేనిన తాడు.
ఖందమా పెళ్లినాడు నాలుగు బారలు.
కూతురు పుట్టిన ఏడూ నాలుగే.
ఇప్పుడు ఏడు.
చివర కట్టిన ముక్క నైలాన్‌ది, నీలం రంగు,
బొగ్గు లారీ మీంచి జారిపడింది.

దక్షిణ గోబీలో వానల లెక్క
ఒక చేతి వేళ్లకే సరిపోతుంది.
తెల్లారకముందే చేద వదిలి
చప్పుడు కోసం చెవి వంచుతుంది.
వెనక నలభై మేకలు, రెండు ఒంటెలు
తోసుకోకుండా నిలబడి ఉంటాయి.
అదే భయమేస్తుంది ఆమెకు.

సరిహద్దు దాకా లారీల బారు
చేంతాడంత ఉందంటారు.
ఏ ఏటి చేంతాడంత?

కొండ అవతల బొగ్గును కడుగుతారట.
అల్లుడు గన్‌జొరిగ్‌ది అక్కడే పని.
రాత్రీ పగలూ, గొట్టాల్లోంచి,
నేల అడుగున ఎప్పటివో నీళ్లతో.
"కడిగితే తెల్లబడుతుందా?"
అతను నవ్వబోయి
చేతిలోని టీ గిన్నె చూసి ఆగిపోయాడు.
దాన్ని ఆమె నీళ్లతో కడగలేదు,
పిడక బూడిదతో తుడిచింది.

కంపెనీ నుంచి ఒక అమ్మాయి కాగితం తెచ్చింది:
నీటిమట్టం యథాతథం. ఇక్కడ సంతకం.
ఖందమా కళ్లద్దాలు వెతకలేదు.
తాడు తెచ్చి పరిచింది
ముడి తర్వాత ముడి,
గెర్ గడప దాటి, మేకల దొడ్డి దాకా.

నీలం ముక్క దగ్గర ఆగి
"నీ సంతకం ఇక్కడ పెట్టు" అంది.

అమ్మాయి గ్లౌజు తీసి
చేద అడుగు తడిమింది.
ఇసుక.